మధ్యాహ్నపు మిగులు

ఇంటి మిద్దెపై సోలారు పలకలు పరచుకొనుట మన పట్టణములలోను పల్లెలలోను నానాటికి సామాన్యమగుచున్నది. వాకిట విద్యుచ్ఛక్తిచే నడచు మోటారు బండి నిలుచుటయు అట్లే వాడుకలోనికి వచ్చుచున్నది. ఈ రెండును ఒక్క ఇంట చేరినప్పుడు గృహస్థునకు సహజముగనే ఒక ప్రశ్న కలుగును: మిద్దెపై పుట్టి, ఇంటివాడుకకు పోగా మిగిలిన విద్యుత్తును వాకిటి బండిలో నింపుకొనవచ్చును గదా? నిస్సందేహముగ నింపుకొనవచ్చును. కాని ఏ వేళ, ఏ విధమున నింపవలెనను విషయమున పెక్కుమంది శ్రద్ధ వహించుట లేదు. పగలు పలకలు పనిచేయుచుండగా బండి ఊరక నిలిచియుండును. రాత్రి భోజనమైన పిమ్మట దానికి తీగె తగిలించి గృహస్థుడు నిద్రించును. నెలాఖరున వచ్చు బిల్లులో లెక్క సరిపోవుచున్నది గనుక ఇందు నష్టమేమియు లేదని అతని తలంపు. ఈ తలంపు నేటికి నిజమే యైనను ఎల్లకాలము నిజమై యుండదనియు, ఇప్పటి నుండియే మధ్యాహ్నపు మిగులును మధ్యాహ్నమే వాడుకొను అలవాటు మన ఇండ్లకు పట్టుబడవలెననియు మా అభిప్రాయము.

లెక్క యెట్లున్నది?

ముందుగా లెక్క చూతము. తెలుగునాట ఒక కిలోవాటు పలకలు సంవత్సరపు సగటున దినమునకు సుమారు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. అనగా మూడు కిలోవాట్లవి 12, ఐదు కిలోవాట్లవి 20 యూనిట్లు. మబ్బులు క్రమ్మిన శ్రావణ భాద్రపదములలో కొన్ని దినములు ఇందు సగమైనను రాదు. వేసవి తొలినాళ్లలో సగటునకు మించి వచ్చును. ఏసీ యంత్రము నడవని ఇంట ఫ్యానులు, రిఫ్రిజిరేటరు, నీటి మోటారు అన్నియు కలిసి పగటివేళ 5, 6 యూనిట్లకు మించి వాడుట అరుదు. కావున ఐదు కిలోవాట్ల పలకలు గల ఇంట పగలు సుమారు 14 యూనిట్లు మిగులును.

విద్యుత్ కారు ఒక యూనిట్టుపై సుమారు 6 లేక 7 కిలోమీటర్లు నడచును. చార్జి చేయునప్పుడు వేడి రూపమున పోవు తరుగును చేర్చియే మేమీ లెక్క చెప్పుచున్నాము. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు గృహస్థునకు ఆరేడు యూనిట్లు చాలును. మిగులులో సగముతోనే అతని ప్రయాణము గడచిపోవుచున్నది. లీటరు నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో నడచు చిన్న కారునకు కిలోమీటరు ఒక్కింటికి సుమారు 6 రూపాయల ఖర్చున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో నిర్ణయించిన ధరల ప్రకారము నెలకు 225 యూనిట్లు దాటి వాడు గృహస్థుడు పైబడిన యూనిట్టునకు 8 రూపాయల 75 పైసలు చెల్లించవలెను. అంత వెలబెట్టి కొనిన విద్యుత్తుతో నడిపినను కిలోమీటరునకు రూపాయిన్నర మించదు. సొంత మిద్దెపై పుట్టిన దానితో నడిపినచో ఇంకను తగ్గును.

పలకలు పెట్టుకొనువారికి ప్రభుత్వ సహాయమును లభించుచున్నది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమునకు 75,021 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. కోటి ఇండ్లపై పలకలు పరచుట దాని లక్ష్యము. ఆ పథకము క్రింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటునకు 30,000 చొప్పునను, మూడవ కిలోవాటునకు 18,000 రూపాయలును, మొత్తము మీద 78,000 రూపాయలకు మించకుండ గృహస్థునకు సహాయము నిర్ణయింపబడినది. ఇంతవరకు అంతయు శుభమే. చిక్కు దీని తరువాత నున్నది.

గాదె లేని గాదె

నేడు మన ఇండ్లలో విశేషముగ నున్నది నెట్ మీటరు పద్ధతి. పగలు మనము వీధి తీగెలోనికి పంపిన యూనిట్లను, రాత్రి తీసికొనిన యూనిట్లను ఎదురెదురుగ నుంచి, తేడాకు మాత్రమే బిల్లు వేయుదురు. గృహస్థునకు ఇది గాదెలో ధాన్యము పోసికొనినట్లున్నది: పగలు కుంచెడు పోసి, రాత్రి కుంచెడు తీసికొనును, కూలి లేదు, తరుగు లేదు. ఈ పద్ధతి నడచినంత కాలము బండిని మధ్యాహ్నము నింపినను, అర్ధరాత్రి నింపినను బిల్లులో భేదముండదు. అందుచేతనే గృహస్థులు వేళను గూర్చి ఆలోచింపకున్నారు.

కాని వీధి తీగెకు నిజముగా గాదె లేదు. మనము మధ్యాహ్నము పంపిన యూనిట్టు ఆ క్షణముననే పొరుగింట ఖర్చయిపోవును. రాత్రి మన బండిలోనికి వచ్చు యూనిట్టు అప్పటికప్పుడు ఎచ్చటనో పుట్టవలెను. మన దేశమున నేటికిని అది అధికభాగము బొగ్గు కాల్చగా పుట్టుచున్నది. ఎండతో బండి నడపుచున్నానని గృహస్థుడు సంతోషించుచుండగా అతని బండి వాస్తవమున బొగ్గుతో నడచుచున్నది. చౌకవేళ పుచ్చుకొనిన దానికి ప్రియమైన వేళ బదులిచ్చు భారము విద్యుత్ పంపిణీ సంస్థపై పడుచున్నది. ఆ సంస్థ ఆ ఖర్చును ధర్మకర్తవలె భరింపదు. తుదకది ధరలలో కలిసి, మిద్దె లేనివారిపై, అనగా అద్దె ఇండ్లలోను, అపార్ట్‌మెంట్లలోను కాపురముండువారిపై పడును. వందకు ఒక్క ఇంట పలకలున్నప్పుడు ఇది కంటికి కనబడదు. వందకు ముప్పది ఇండ్లపై వెలసిన నాడు ఎవ్వరును చూడక తప్పదు.

వేరొక చిక్కును గలదు. పెక్కు మిద్దెలు ఒక్కసారిగ వీధి తీగెలోనికి శక్తిని త్రోసినచో ఆ వీధిలో వోల్టేజి పెరుగును. హద్దు మీరినంతనే ఇన్వర్టర్లు తమంత తామే ఆగిపోవును. పండువంటి ఎండ కాయుచుండగనే పలకలు పనిలేక పడియుండును. మధ్యాహ్నపు శక్తిని పుట్టిన చోటనే వాడుకొనుట ఒక్కటే దీనికి సుళువైన మందు. బండి ఆ పనికి తగినది. ఏలయన ఇంటిలోని వస్తువులలో వేళ మార్చుకొనుటకు దానికున్నంత వీలు వేరొక దానికి లేదు. దీపము చీకటి పడినంతనే వెలుగవలెను. ఫ్యాను ఉక్క పోసినప్పుడే తిరుగవలెను. బండికి మాత్రము ఎప్పుడు నింపినదియు పట్టింపు లేదు.

ముందు నడచినవారి అనుభవము

ఇది ఊహాగానము కాదు. ఈ మార్గమున మనకంటె ముందు నడచిన దేశము ఆస్ట్రేలియా. అచ్చట 2024 తుదకు 40 లక్షలకు పైగా ఇండ్లపైని, చిన్న వ్యాపారస్థలములపైని పలకలు వెలసినవి. విక్టోరియా రాష్ట్రమున 2009లో ప్రారంభించిన పథకము ప్రకారము గృహస్థుడు వీధికి పంపిన మిగులు యూనిట్టునకు 60 సెంట్లు చెల్లించిరి. 2011లో ఆ ద్వారము క్రొత్తవారికి మూయబడినది. పాతవారికిని 2024 నవంబరు 1తో గడువు తీరినది. ఆ రాష్ట్రపు నియంత్రణ మండలి మిగులు యూనిట్టునకు నిర్ణయించిన కనీసపు ధర 2024–25లో 3.3 సెంట్లు, 2025–26కు 0.04 సెంటు. అరువది సెంట్లు పలికిన సరకు సెంటులో ఇరువదియైదవ వంతునకు దిగినది!

దక్షిణ ఆస్ట్రేలియాలో 2023 డిసెంబరు 31వ తేదీ మధ్యాహ్నము కొంతసేపు మిద్దెలపై పుట్టిన శక్తియే రాష్ట్రపు అవసరమునంతను మించిపోయెను. సరకు కొనువారి నందరను మించి అమ్మువారే యైన సంతలో ధర నిలుచునా? అందుచే ఆ రాష్ట్రమువారు 2020 జూలై నుండియే ఉదయము 10 గంటలు మొదలు మధ్యాహ్నము 3 గంటల వరకు తీగెల వాడుక రుసుమును తగ్గించి, ఆ వేళ విద్యుత్తు వాడుకొనుడని జనులను ప్రోత్సహించిరి. 2026 జూలై నుండి కొన్ని రాష్ట్రములలో పలకలు లేని ఇండ్లకును మధ్యాహ్నము మూడు గంటలపాటు ఉచితముగ విద్యుత్తు నిప్పించు పథకమును ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. వీధికి అమ్మి లాభము పొందు కాలము పోయి, ఇంటనే వాడుకొని లాభము పొందు కాలము వచ్చినందున ఆ దేశపు గృహస్థులలో పగటి ఎండతో బండి నింపుకొనువారు పెరిగిరి.

హాలెండు దేశమున మన నెట్ మీటరును పోలిన పద్ధతియే చిరకాలముగ నడచినది. 2027 జనవరి 1తో దానికి స్వస్తి చెప్పుటకు 2024లో అచ్చటి చట్టసభలు శాసనము చేసినవి. మన తెలుగువారు పెక్కుమంది కాపురములున్న కాలిఫోర్నియాలో 2023 ఏప్రిలు 15 తరువాత దరఖాస్తు చేసినవారికి మిగులు యూనిట్టునకు ముట్టునది మునుపటిలో సుమారు నాలుగవ వంతునకు తగ్గిపోయెను. దేశములు వేరు, ప్రభుత్వములు వేరు. కథ మాత్రము ఒక్కటే. మిద్దెలు కొన్నిగా నున్నప్పుడు ఆదరణ, అనేకములైనప్పుడు సవరణ.

మన దేశమున గాలి యెటు వీచుచున్నది?

మన నెట్ మీటరు రేపే పోవునని మేము భయపెట్టుట లేదు. కాని గాలి వీచు దిక్కును గమనింపక తప్పదు. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, ఎండవేళ ధర మామూలు ధరకంటె నూటికి 20 పాళ్లు తక్కువగను, గిరాకీ హెచ్చు వేళ ధర మామూలు ధరకంటె అధికముగను ఉండవలెనని విధించినది. పెద్ద వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిలు నుండియు, సేద్యము దప్ప తక్కినవారికి 2025 ఏప్రిలు నుండియు అది అమలు కావలెనని గడువు పెట్టినది. అమలు రాష్ట్ర మండళ్ల చేతిలో నుండుటచే ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరున సాగుచున్నది. 2024 సెప్టెంబరులో వెలువడిన మార్గదర్శక సూత్రములు బహిరంగ చార్జింగు కేంద్రములకు సరఫరా చేయు విద్యుత్తు ధరను ఉదయము 9 మొదలు సాయంకాలము 4 వరకు సగటు ఖర్చులో పదింట ఏడు వంతులుగను, తక్కిన వేళ పదమూడు వంతులుగను నిర్ణయించినవి. ఎండవేళ ఒక ధర, చీకటివేళ వేరొక ధర అను సూత్రము మన శాసనములలో చేరిపోయినదనుట స్పష్టము. గంటగంటకు లెక్క వ్రాయు స్మార్టు మీటరు ఇంటికి వచ్చిన నాడు రాత్రి బండి నింపు అలవాటు ఖరీదైన అలవాటగును.

పని సాగు విధానము

మిగులుతో బండి నింపుటలో ఒక మెలకువ గలదు. లోకమంతటను అంగీకృతమైన ప్రమాణము ప్రకారము బండి 6 ఆంపియర్లకు తక్కువగా విద్యుత్తును స్వీకరింపదు. మన 230 వోల్టుల సరఫరాలో ఇది సుమారు 1.4 కిలోవాట్లగును. మిద్దెపై మిగులు అంతకంటె తక్కువగ నున్నప్పుడు బండికి తగిలించినచో కొరత వీధి నుండి వచ్చి చేరును. ఇండ్లలోని 15 ఆంపియర్ల ప్లగ్గునకు తగిలించు సామాన్యపు చార్జరు సుమారు 3.3 కిలోవాట్లు లాగును. గోడకు బిగించు పెద్దది 7.2 కిలోవాట్లు లాగును. మూడు కిలోవాట్ల పలకలు నడిమధ్యాహ్నము కూడ రెండు, రెండున్నర కిలోవాట్లకు మించి ఇచ్చుట అరుదు. అట్టి ఇంట పెద్ద చార్జరు పెట్టుట చెరువు నీటికి కాలువ తూము బిగించినట్లగును. బండిలోనికి పోవు దానిలో అధికభాగము వీధి సరుకే.

ఇందుకు విదేశములలో తెలివిగల చార్జర్లు వెలసినవి. మీటరు వద్ద తీగెను చుట్టి పట్టిన చిన్న కడియము మిగులెంతయో క్షణక్షణము కనిపెట్టి తెలుపును. చార్జరు దాని ననుసరించి బండికి పోవు ప్రవాహమును పెంచును, తగ్గించును. మబ్బు క్రమ్మినచో ఆపివేయును. ఇంగ్లండులోని మైఎనర్జీ కంపెనీవారి జాపీ యను చార్జరు ఈ తరగతిలో పేరుపొందినది. ఇట్టివి లేకున్నను మన పని ఆగదు. పెక్కు బండ్లలో చార్జింగు మొదలగు వేళను నిర్ణయించుకొను వీలున్నది. కొన్నిట ఆంపియర్లను తగ్గించుకొను వీలును గలదు. ఐదు కిలోవాట్ల పలకలుగల గృహస్థుడు చిన్న చార్జరును పదకొండు గంటలకు తగిలించినచో ఒంటిగంట లోపుగనే ఆ దినపు ఖర్చుకు సరిపడునంత బండిలో చేరును. గడియారము చూచుకొనుట కంటె ఇందు వేరు విద్య లేదు.

జాగ్రత్తలు కొన్ని గలవు. పాతకాలపు తీగెలపై గంటల తరబడి 15 ఆంపియర్లు నడుపరాదు. బోర్డు నుండి వేరు తీగె, మంచి ఎర్తు, లీకేజి కలిగినంతనే సరఫరా త్రెంచు బ్రేకరు ఉండవలెను. పెద్ద చార్జరు పెట్టదలచినచో మంజూరైన లోడును పెంచుకొనవలెను. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనలు బండి కొరకు వేరు కనెక్షను కోరు హక్కును వినియోగదారున కిచ్చినవి. అపార్ట్‌మెంటువారికి ఇది మేలే. కాని మిద్దెపై పలకలు గలవారు ఆలోచించి అడుగవలెను. వేరు మీటరుపై నున్న బండికి మిద్దె మిగులు నేరుగ చేరదు గదా! ఇంకొక సంగతి: వీధిలో సరఫరా పోయినచో, బ్యాటరీ లేని ఇంటిలో పలకలును పనిమానును. మరమ్మతు చేయు లైనుమనుష్యుల ప్రాణరక్షణకై ఇన్వర్టర్లను అట్లు నిర్మించిరి. ఎండ యున్నది గదా యని ఆ వేళ చార్జింగును ఆశింపరాదు.

ఆక్షేపణలు

మధ్యాహ్నము బండి ఇంట నుండదు గదా యని ఉద్యోగస్థులు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ యథార్థమే. ఐనను 40 యూనిట్ల బ్యాటరీ గల కారునకు దినదినము తిండి పెట్ట నక్కరలేదు. శని, ఆదివారముల రెండు మధ్యాహ్నములలో ఐదు కిలోవాట్ల మిద్దె మిగులు 28 యూనిట్లగును. అది సుమారు 170 కిలోమీటర్ల ప్రయాణమునకు చాలును. వారమునకు అంతకు మించి తిరుగువారు తక్కిన కొరతను రాత్రి తీర్చుకొనవచ్చును. ఇక పల్లెపట్టులలోని రైతులకు, ఇంటివద్దనే వ్యాపారము చేయువారికి, పింఛనుదారులకు ఈ చిక్కే లేదు. వారి బండి ఉదయమున తిరిగి మధ్యాహ్నపు ఎండకు ఇల్లు చేరును. ఎండకు భయపడి మనము నీడకు చేరు వేళయే బండికి భోజనపు వేళ. బండిని మాత్రము నీడపట్టున నిలుపవలెను; అధికమైన వేడి బ్యాటరీ ఆయుస్సునకు మంచిది కాదు.

కారు కొనగలవారెందరని మరికొందరు అడుగవచ్చును. తెలుగునాట వీధులలో తిరుగునవి అధికము ద్విచక్రములే. విద్యుత్ స్కూటరు బ్యాటరీ సుమారు మూడు యూనిట్లది. అది పుచ్చుకొను ప్రవాహమును స్వల్పమే. రెండు మూడు కిలోవాట్ల చిన్న మిద్దెకు కారుకంటె స్కూటరే తగిన జోడు. వీధి నుండి చుక్కయైనను తీసికొనకుండ అది మధ్యాహ్నమే నిండును.

రాత్రి సరఫరా పోయినప్పుడు బండినుండి తిరిగి కొంత తీసికొను సౌకర్యమును గలదు. మన దేశమున అమ్ముచున్న కొన్ని కార్లకు 2023 నుండి ఈ వీలు కల్పించిరి. దానితో ఫ్యానులు, దీపములు, చిన్న యంత్రములు నడుపవచ్చును. మధ్యాహ్నపు ఎండ రాత్రి దీపమగుటకు ఇది తొలి మెట్టు.

చేయవలసిన పని

ఈ విషయమున కర్తవ్యము గృహస్థునిది మాత్రమే కాదు. ఎండవేళ తక్కువ ధర యను సూత్రమును నియంత్రణ మండళ్లు ఇండ్లకును త్వరలో విస్తరింపజేయవలెను. అది పలకలు లేని అద్దె ఇంటివానికిని అందవలెను. పగలు చవుకగ నున్న విద్యుత్తు ధనికుని మిద్దెకే పరిమితమగుట న్యాయము కాదు. కచేరీలు, కళాశాలలు, మార్కెట్ యార్డులు తమ విశాలమైన కప్పులపై పలకలు పరచి, క్రింద నిలిచిన బండ్లకు ప్లగ్గులు అమర్చినచో మధ్యాహ్నము ఇంట లేనివాని చిక్కు తీరును. నెట్ మీటరు పద్ధతిని మార్చవలసి వచ్చినచో పంపిణీ సంస్థలు ఆ సంగతిని ముందుగ తెలిపి, పాతవారికి చెప్పిన గడువును మన్నించి మార్చవలెను. చేసిన వాగ్దానమును నడిమధ్య త్రెంచినచో జనుల నమ్మకము చెడును.

మన దేశము తనకు కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశముల నుండి తెప్పించుకొనుచున్నది. ఏ సముద్రముపై కల్లోలము రేగినను మన పెట్రోలు బంకులకు దాని సెగ తగులుచున్నది. మిద్దెపై కురియు ఎండకు ఓడలు వలదు, సుంకములు లేవు. దానిని పుట్టించుకొనుటకు సొమ్ము వెచ్చించిన గృహస్థుడు, పుట్టిన వేళనే వాడుకొనుటకు కొంచెము శ్రద్ధయు వెచ్చింపవలెను. నెట్ మీటరు నేడు ఆ శ్రద్ధ లేకున్నను మన్నించుచున్నది. ఆ మన్నన ఉండగనే అలవాటు చేసికొనిన ఇంటివాడు, అది పోయిన నాడును నష్టపడడు. రాత్రి తగిలించు తీగెను రేపటినుండి మధ్యాహ్నము తగిలింపుడని పాఠకులకు మా మనవి.